తాతయ్య పేరు ఖాళీ అయ్యేదాకా

సెలూన్ కుర్చీలో వెనక్కి వాలిన హార్బర్ ఇంజనీరుకి అప్పటికి సగం గడ్డమే గీశారు. రెండో చెంప మీద నురగ అలాగే ఉంది. గుమ్మంలోంచి రెండు తూటాలు వచ్చాయి. మొదటిది ఇంజనీరు ప్రాణం తీసింది. రెండోది సెలూన్ ఓనర్ దవడ చీల్చుకుంటూ పోయి అద్దం పగలగొట్టింది. కాల్చినవాడు కంగారు పడలేదు. అక్కడున్న టవల్‌తో బూటు మీది నెత్తురు తుడుచుకుని, దాన్ని మడతపెట్టి మరీ వెళ్ళిపోయాడు.

"మడతపెట్టాడా!" అంది కాకర.

ఆ టవల్ ఉన్న ఫొటోని వేలికొనతో అవతలికి నెట్టింది. ఏం చూసినా చేదు నమిలినట్టు మొహం పెడుతుందని డిపార్ట్‌మెంట్‌లో ఆమెకి ఆ పేరు పెట్టారు. అసలు పేరు జీతం స్లిప్పులో తప్ప ఎక్కడా లేదు. ఎదురుగా ఆ గూఢచారి విభాగానికి అధిపతి, అందరూ పెద్దాయన అని పిలిచే మనిషి, శవం ఫొటోల మీదకి వంగి పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు.

"ఇంజనీరు మనకి లొంగాడు," అన్నాడాయన. "హార్బర్ మ్యాపులు కొంటున్న విదేశీ ముఠా గుట్టు చెప్తానన్నాడు. ముఠాకి ఇక్కడ పనిచేసేవాళ్ళంతా లోకల్ కిరాయి మనుషులే. ఐఆర్‌సీ అనే పాతకాలపు ఇంటర్నెట్ చాట్ ఛానల్లో రాసుకుంటూ మాట్లాడుకుంటారు. ఫోన్లు జాడ పట్టిస్తాయని ముట్టుకోరు. మనవాళ్ళు దొంగ పేర్లతో ఆ ఛానల్లో దూరిన ప్రతిసారీ అది క్షణాల్లో ఖాళీ అయిపోతోంది."

"ఏ క్లయింట్‌తో దూరారు?"

"క్లయింటా? వాళ్ళెవరు?"

"మనిషి కాదు సార్. ఛానల్లోకి వెళ్ళడానికి డెస్క్‌టాప్‌లో పెట్టుకునే ప్రోగ్రామ్."

"నేను సెలెక్ట్ చేసిందే," అంది కిటికీ దగ్గర నిలబడ్డ వదిన.

వదిన అంటే కాకర అన్నయ్య భార్య. విభాగంలో భాషల నిపుణురాలు. పట్టు స్కార్ఫ్, ఎర్రటి లిప్‌స్టిక్, ఏడు భాషలు. ఆమె కారిడార్లో నడిచిందంటే ఫైలు చదువుతున్నవాళ్ళు ఏ పేజీలో ఉన్నారో మర్చిపోతారు.

"బొమ్మలు చూపిస్తుంది," అంది వదిన. "ఎవరైనా లింక్ పెడితే మనం నొక్కకుండానే లోపల ఏముందో చూపిస్తుంది. ఎవరొచ్చారు, ఎవరు పోయారు, ఎవరు పేరు మార్చుకున్నారు అనే చెత్త లైన్లన్నీ దాచేస్తుంది. నువ్వూ అదే పెట్టుకో అమ్మాయ్. ఆ మొహానికి కాస్త రంగొస్తుంది."

కాకర బుగ్గ గిల్లి, సెంటు వాసన అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

కాకర సరాసరి టెక్నికల్ ఆఫీసర్ గదికి వెళ్ళింది. బట్టతల, మెళ్ళో టెస్టర్. అందరూ స్క్రూ అంటారు. వదిన చెప్పిన క్లయింట్ తెరిచి, పక్క మెషిన్ నుంచి ఒక లింక్ పెట్టమంది. లింక్ పడీ పడగానే కాకర స్క్రీన్ మీద ఒక పూలబొమ్మ విచ్చుకుంది. స్క్రూ మెషిన్‌లో మాత్రం ఆ బొమ్మ కావాలని అడిగిన కాకర కంప్యూటర్ అడ్రస్ పడింది.

"నేను ముట్టుకోలేదు!" అంది కాకర.

"మీరు ముట్టుకోలేదు మేడమ్. అదే వెళ్ళి అడిగింది. ముఠావాడు తన సర్వర్‌లో బొమ్మ పెట్టుకుని కూర్చుంటే, మన ఆఫీసు అడ్రస్ నడుచుకుంటూ వాడి ఒళ్ళో పడుతుంది."

"కనబడిన ప్రతిదీ నోట్లో పెట్టుకుంటోంది. ఛీ. ఇంకోటి చూపించు."

రెండోది బ్రౌజర్‌లో తెరుచుకునేది. తేలిగ్గానే ఉంది గానీ, మాటలన్నీ మధ్యలో మరెవరిదో సర్వర్ మీదుగా వెళ్తాయి. "ఊళ్ళోవాళ్ళ ఎంగిలి గ్లాసు నాకొద్దు," అంది కాకర. మూడోది నల్లటి తెర. మౌస్ పనిచేయదు, రంగుల్లేవు, బొమ్మల్లేవు. లింక్ పడితే ఉత్త అక్షరాల్లాగే పడి ఉంటుంది. నువ్వేం క్లయింట్ వాడుతున్నావని ఎవరైనా అడిగితే మనం చెప్పమన్నది తప్ప చెప్పదు. సర్వర్ పంపిన ప్రతి లైనూ చూపిస్తుంది.

"ఇది మరీ బోడిగా ఉంటుంది మేడమ్."

"శుభ్రంగా ఉంది. ఇదే కావాలి."

ఆమె పెద్దాయన గదికి తిరిగొచ్చి తలుపు వేసింది. ఆయన పుల్ల పక్కన పెట్టాడు.

"పొద్దున, మ్యాపుల బేరాలు కుదిర్చే ముఠా బ్రోకర్‌ని పట్టుకున్నాం. నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. వాడి గదిలో, వాడి పేరుతో కూర్చో. 'దుకాణం తెరువు' అంటే చంపెయ్యమని. 'దుకాణం కట్టెయ్' అంటే వదిలేసి వెనక గేటు గుండా వచ్చెయ్యమని. ఆ మాట అనే హక్కు ఒక్కడికే ఉంది. ఛానల్లో వాడి పేరు తాతయ్య. ఎవడో తెలీదు."

"తరువాత ఎవర్ని చంపుతారు?"

"సెలూన్ ఓనర్ బతికాడు. హంతకుడి మొహం చూసింది అతనొక్కడే. ఏ ఆస్పత్రిలో దాచామో నాకూ, అతను కాగితం మీద రాసిచ్చిన వాఙ్మూలం తీసుకున్న మీ వదినకీ తప్ప తెలీదు."

కాకర మొహంలో చేదు ఇంకాస్త ముదిరింది.

బ్రోకర్ గది ఒక లాండ్రీ మీద ఉంది. కింద అందరి బట్టలూ ఉతుకుతున్నారు. పైన వీడి బట్టలకి మాత్రం నీళ్ళు తగిలిన జాడ లేదు. ఎదురు మేడ మీంచి ముఠా మనిషి కిటికీలోకి చూస్తుంటాడు కాబట్టి ఆమె వాడి కోటు తొడుక్కోవాలి, వాడి టోపీ పెట్టుకోవాలి. కోటు కాలర్ మీద జిడ్డు నల్లగా మెరుస్తోంది. జేబులో ఎప్పటిదో సగం కొరికిన బిస్కెట్. కీబోర్డ్ సందుల్లో కత్తిరించిన గోళ్ళు. స్క్రూ కిటికీకి కనబడకుండా నేల మీద కూర్చుని, ముక్కు మూసుకుని, తమ క్లయింట్ ఎక్కించాడు.

ఛానల్లో నవ్వులు నడుస్తున్నాయి. "సగం గడ్డంతో పోయాడు, పైన మిగతా సగం ఎవరు గీస్తారో!" అని ఒకడు. "నురగ బిల్లు ఎవరికి పంపాలి?" అని ఇంకొకడు. ఇంజనీరు శవాన్ని ఊళ్ళో పిల్లి చచ్చినట్టు మాట్లాడుతున్నారు. ఇలాంటి నవ్వుల్లో బ్రోకర్ ఎప్పుడూ వెనకబడే రకం కాదు. కాకర పళ్ళు బిగబట్టి "హహహ" అని కొట్టింది. వేళ్ళు కోటుకి తుడుచుకోబోయి, ఆ కోటు ఎవరిదో గుర్తొచ్చి ఆగిపోయింది.

అప్పుడు నల్లటి తెర మీద ఒక లైన్ పడింది. తాతయ్య వచ్చారు. పక్కనే ఆ మనిషి ఏ లైన్ మీదుగా వచ్చాడో ఆ అడ్రస్.

అందులో అన్నయ్య కళ్ళద్దాల షాపు పేరుంది. షాపు కింద, ఇల్లు పైన. రెంటికీ ఒకటే ఇంటర్నెట్. ఇవాళ వదిన తలనొప్పి అని మధ్యాహ్నమే ఇంటికి వెళ్ళిపోయింది.

"ఇంత బాహాటంగానా?" అన్నాడు స్క్రూ.

"ఆమెకి తెలీదు. ఆమె క్లయింట్ ఈ లైన్లు దాచేస్తుందిగా. ముఠా అంతా అదే వాడుతోంది. ఒక్కరికీ కనబడలేదు."

ఛానల్లో హంతకుడు రాశాడు: "వార్డు బాయ్ డ్రెస్‌లో ఉన్నా, జేబులో సిరంజ్. నర్సు కంప్యూటర్లో మన ప్రోగ్రామే ఎక్కించుకుని కూర్చున్నా. సెలూన్ వాడు పక్క గదిలోనే నిద్రపోతున్నాడు."

తాతయ్య అడిగింది: "మనిషి అతనేనా? చూసి చెప్పు."

స్క్రూ పెద్దాయనకి ఫోన్ చేశాడు. ఆయన మనుషులు ఆస్పత్రి గేట్ల దగ్గరే ఉన్నారు గానీ మెట్లెక్కి వార్డు చేరేలోగా సిరంజ్ దిగిపోతుంది. కాకర అన్నయ్యకి ఫోన్ చేసింది.

"అన్నయ్యా, వదిన ఇంట్లోనే ఉందా?"

"గది తలుపేసుకుని ఉంది. ఏదో ఆఫీసు పనిట. ఏమ్మా?"

"హాల్లో ఇంటర్నెట్ డబ్బా ఉంది చూడు. దాని తీగ పీకెయ్."

"మీ వదిన చంపేస్తుందే!"

"పీకు అన్నయ్యా. ఎందుకని అడగకు. ఒక మనిషి ప్రాణం."

తీగ పీకిన చప్పుడు. తలుపు భళ్ళున తెరుచుకున్న చప్పుడు. తర్వాత ఫోన్‌లో వదిన గొంతు, తేనె పూసినట్టు: "నువ్వా అమ్మాయ్? మనింటి సంగతి మనం ఇంట్లో మాట్లాడుకుందాం."

"కాల్చినవాడు టవల్ మడతపెట్టాడు వదినా. నువ్వే నేర్పావా?"

లైన్ కట్ అయింది. అన్నయ్య ఫోన్ ఇప్పుడామె చేతిలో ఉంది. దాని ఇంటర్నెట్ మీదుగా మళ్ళీ ఛానల్లోకి వస్తుంది.

'తాతయ్య' అనే పేరు తను తీసుకోవడానికి కాకర కమాండ్ కొట్టింది. ఆ పేరు వాడుకలో ఉంది అంది సర్వర్. పై బాణం నొక్కి అదే కమాండ్ మళ్ళీ తెప్పించి ఎంటర్ కొట్టింది, అదే జవాబు.

"తీగ పీకితే మనిషి పోయినట్టు సర్వర్‌కి వెంటనే తెలీదు మేడమ్," అన్నాడు స్క్రూ. "పింగ్ అని పిలిచి చూస్తుంది. పలక్కపోతే అప్పుడు పేరు వదులుతుంది. ఎవరు ముందు కొడితే వాళ్ళదే."

పై బాణం, ఎంటర్. వాడుకలో ఉంది. పై బాణం, ఎంటర్. వాడుకలో ఉంది.

తాతయ్య1 వచ్చారు.

"నేనే. దుకాణం తెరువు," అని రాసింది తాతయ్య1.

"పేరు పక్కన ఒకటేంటి? తాతయ్య చెప్తేనే," అన్నాడు హంతకుడు.

"లైన్ పోయింది. నా క్లయింట్ పాత పేరు ఇవ్వడం లేదు, ముద్దుగా తెర మీద ఒక డబ్బా తెరిచి వేరే పేరు ఎంచుకోమంటోంది. సెలూన్‌లో నువ్వు రెండు కాల్చావు, టవల్ వాడావు. నేనే కాకపోతే ఎలా తెలుస్తుంది? తెరువు!"

పై బాణం, ఎంటర్. వాడుకలో ఉంది.

"సరే," అన్నాడు హంతకుడు. "సిరంజ్ తీశా. వెళ్తున్నా."

తాతయ్య వెళ్ళిపోయారు: పింగ్ టైమౌట్.

పై బాణం, ఎంటర్. బ్రోకర్ ఇకపై తాతయ్య.

"దుకాణం కట్టెయ్!" అని కొట్టింది కాకర. "ఆ ఒకటిగాడు పోలీసు మనిషి. వెనక గేటు గుండా రా."

బ్రోకర్ పేరు తాతయ్యగా మారిన లైను ఛానల్లో అందరికీ వెళ్ళింది. చూపించాల్సిన క్లయింట్ మాత్రం హంతకుడికి దాన్ని చెత్త కింద దాచేసింది.

"వామ్మో," అని రాశాడు వాడు. "గుమ్మం దాకా వెళ్ళి ఆఖరిసారి స్క్రీన్ చూశా. బతికించావు తాతయ్యా. వస్తున్నా."

వెనక గేటు దగ్గర పెద్దాయన మనుషులు వాణ్ణి సిరంజ్‌తో సహా అందుకున్నారు.

సాయంత్రానికి వదిన విచారణ గదిలో ఉంది. లిప్‌స్టిక్ చెదరలేదు. బయట బెంచీ మీద అన్నయ్య, పీకిన తీగ ఇంకా చేతిలోనే ఉంది, ఎవరు పలకరించినా దానివంకే చూస్తున్నాడు. సబ్బుతో మోచేతులదాకా రుద్దుకుని వచ్చిన కాకర ఆయన పక్కన కాసేపు కూర్చుంది. ఆయన భుజం నొక్కి లోపలికి వెళ్ళింది.

వదిన కాలు మీద కాలేసుకుని నవ్వింది. "ఎన్ని దేశాల్లో ఎంతమంది ప్రశ్నించారో నన్ను! ఒక్క ముక్క రాబట్టలేకపోయారు. మీ పెద్దాయన అయితే నాకు నిద్రొస్తుంది. అనుభవమున్నవాళ్ళని ఎవర్నైనా పంపు."

కాకర కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆడపడుచుని వదినా," అంది. "మీ పెళ్ళైన రోజునుంచీ ఈ డ్యూటీలోనే ఉన్నాను."