భోజనాల బల్ల మీద రోబో

పొద్దున్నే వంటింట్లోకి వెళ్తూ భోజనాల బల్లకేసి చూసి నిట్టూర్చడం గంటమ్మగారికి అలవాటైపోయింది. ఆవిడ ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసి రిటైరయింది. గంట కొడితే లేవాలి, గంట కొడితే పడుకోవాలి. ఆ పేరు అక్కడి పిల్లలు పెట్టిందే. ఉద్యోగం పోయినా పేరు పోలేదు.

బల్లమీద కోడలు తయారుచేస్తున్న రోబో ఉంది. ఒక అల్యూమినియం రేకు, రెండు మోటార్లు, అటూ ఇటూ వరసగా చిన్న చక్రాలు, యుద్ధ ట్యాంకుకి ఉన్నట్టు ఆ చక్రాల చుట్టూ తిరిగే పట్టాలు. ఒక్కో పట్టాకీ బోలెడన్ని ప్లాస్టిక్ ముక్కలు. ముక్కకీ ముక్కకీ మధ్య సన్నటి పిన్ను గుచ్చి అతకాలి. కోడలు రోజూ డ్యూటీ నుంచి వచ్చి, వంట ముగించి, కాసేపు దాని ముందు కూర్చునేది. ఆ బల్ల దానికి రాసిచ్చేసినట్టే. ఇంట్లోవాళ్ళు మాత్రం కంచాలు ఒళ్ళో పెట్టుకుని తినేవారు.

"ఈవేళ మా హెడ్‌మిస్ట్రెస్ భోజనానికొస్తోంది. ఈ సరంజామా తీసెయ్యి" అంది గంటమ్మగారు.

కోడలు ఆసుపత్రిలో నర్సు. అప్పటికే గుమ్మంలో చెప్పులేసుకుంటోంది. "నిన్ననే చెప్పొచ్చుగా అత్తయ్యా! ఇప్పుడు కదిపితే ఎడంపక్క పట్టా ఊడొచ్చేస్తుంది. ఇంకా బిగించలేదు. ఈ ఒక్కపూటా ముందుగదిలో వడ్డించండి. దాన్ని మాత్రం ముట్టుకోకండి, మీకు దణ్ణం పెడతాను."

ముట్టుకోకండి! తన ఇంట్లో, తన బల్లమీద, తనని! కాసేపు కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగింది గంటమ్మగారు. బల్ల చుట్టూ కుర్చీలు సర్దింది, మళ్ళీ జరిపింది, మళ్ళీ సర్దింది. ఇక పట్టలేక రెండుచేతులా ఆ రోబోని ఎత్తేసింది.

రెండడుగులు వేసిందో లేదో పట్టా జారింది. అది పడకుండా పట్టుకోబోతే రోబో కూడా చేయి జారింది. ముక్కలు గది నిండా చెదిరి, కొన్ని ఫ్రిజ్ కిందికి దూరాయి. ఒక వైరు తెగి వేలాడింది. అంతలో వీధి తలుపు చప్పుడైంది. దొరికినంతమట్టుకు ఊడ్చి అట్టపెట్టెలో పోసి, బాల్కనీలోకి తోసేసింది.

హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది, తిన్నది, వంట మెచ్చుకుంది, వెళ్ళింది. ఆవిడ చెప్పిన కబుర్లలో ఒక్కటీ గంటమ్మగారి బుర్రకెక్కలేదు.

సాయంత్రం కోడలు బల్ల చూసింది. తర్వాత బాల్కనీలోని పెట్టె చూసింది. చేతిసంచీ భుజాన ఉండగానే అక్కడే చతికిలబడింది.

"ముట్టుకోవద్దన్నానుగా అత్తయ్యా."

తప్పు తనదేనని తెలుసు కనకే గంటమ్మగారి గొంతు పెరిగింది. "ఇల్లన్నాక ఒక పద్ధతుండాలి! ఇంటికొచ్చినవాళ్ళకి ఎక్కడ వడ్డించను, నా నెత్తిమీదా? పెళ్ళయిన పిల్లవి, బొమ్మలతో ఆటలేంటి నీకు?"

డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పే కొడుకు అప్పుడే లోపలికి వచ్చాడు. పరిస్థితి కనిపెట్టి, "పోనీలెద్దూ, కొత్తది కొనిపెడతాలే" అన్నాడు భార్యతో.

"కొంటే నేను చేసినట్టవుతుందా?"

"నువ్వుండరా!" అని కొడుకుని కసిరింది గంటమ్మగారు. "అసలది దేనికి పనికొస్తుందో చెప్పమను. ఇల్లు ఊడుస్తుందా? నీళ్ళు మోస్తుందా?"

కోడలు లేచి నిలబడింది. ఆ ఇంట్లో ఆ పిల్ల గొంతెత్తడం అదే మొదలు.

"దేనికీ పనికిరాదు అత్తయ్యా! అందుకే చేస్తున్నాను. ఆసుపత్రిలో ఒక మంచం తర్వాత ఇంకో మంచం. ఒకరికి సూది, ఒకరికి కట్టు, ఒకరికి తిట్టుకోడానికి మనిషి. ఇంటికొస్తే వంట, మీ మందులు, ఈయన బట్టలు. చేస్తాను, నాకేం బాధలేదు. కానీ ఈ చేతులు కాసేపైనా ఎవరి అవసరానికీ కాకుండా, ఊరికే నాకోసం ఆడుకుంటే ఏం పోయింది?"

కోడలు కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి వెలిగించింది.

ఆ తర్వాత బల్ల ఖాళీగా, అద్దంలా ఉండేది. కోడలు ఏ పనీ మానలేదు. అడిగినదానికల్లా "అలాగే అత్తయ్యా" అనేది. అదే గంటమ్మగారికి నిప్పుల మీద కూర్చోబెట్టినట్టుండేది. తుడిచిన బల్లనే తుడిచేది. వేసిన దుప్పటి దులిపి మళ్ళీ వేసేది. ఇల్లంతా ఇన్‌స్పెక్షన్‌కి సిద్ధంగా ఉంది, ఇన్‌స్పెక్టరే రావడంలేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక అట్టపెట్టె తెచ్చి బల్లమీద బోర్లించింది. చీపురుపుల్లతో ఫ్రిజ్ కింద గెలికి, దుమ్ముతో సహా ముక్కలన్నీ లాగింది. కళ్ళజోడు పెట్టుకుని, పిన్నులు పళ్ళమధ్య కరిచిపట్టుకుని, ఒక్కొక్కటీ అతకసాగింది. ఒకటి కుదిరితే రెండోది ఊడేది. తిట్టుకుంది, మళ్ళీ తగిలించింది. టీ మాట మరిచిపోయింది.

తలుపు తీసుకుని వచ్చిన కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది.

"అత్తయ్యా! ముందు ఆ పిన్నులు నోట్లోంచి తీయండి. మింగితే ఎక్స్‌రే తీయించాలి."

గంటమ్మగారు ఉలిక్కిపడి పిన్నులు అరచేతిలోకి తీసుకుంది. "చేయిజారి పడింది గానీ, ఎత్తింది మాత్రం కోపంతోనేనమ్మా. నా మాట చెల్లాలని ఎత్తాను. చెప్పుకోడానికి ఇన్నాళ్ళూ నోరు రాలేదు."

కోడలు పట్టా అందుకుని చూసింది. పెదవి బిగపట్టింది. ఆగలేక నవ్వేసింది. "అన్నీ తిరగేసి తగిలించారు! ఈ ముక్కల పళ్ళు లోపలికి, చక్రాలవైపు ఉండాలి."

"మొత్తం ఊడదీయాలా?"

"మొత్తం."

"చచ్చాంపో! సరే, కూర్చో మరి."

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఊడదీసి, మళ్ళీ అతికారు. కోడలు తెగిన వైరు అతికి, పట్టా చక్రాలకి తొడిగి బిగిస్తూ, "మీకేది ఇష్టం అత్తయ్యా?" అని అడిగింది. "వంటా, ఇల్లూ కాదు. ఊరికే, మీకోసం."

"నాకా? నాకు..." అని మొదలుపెట్టింది గంటమ్మగారు. హాస్టల్ గుర్తొచ్చింది. కొడుకు చదువు గుర్తొచ్చింది. మంచాన పడ్డ భర్తకి చేసిన చాకిరీ గుర్తొచ్చింది. ఎంత వెతికినా తన కోసమంటూ ఒక్కటీ దొరకలేదు. కళ్ళజోడు మసకబారింది.

"ఏమోనే. తెలీదు. ఎవరూ అడగలేదు... నన్ను నేనూ అడగలేదు."

కోడలు ఆవిడ చేతిలోని పిన్నులు తీసేసి, ఆ చేతిని కాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత రోబోని నేలమీద దించి, దాన్ని నడిపే రిమోట్ ఆ చేతిలో పెట్టింది.

చీకటి పడుతుండగా కొడుకు ఇంటికొచ్చేసరికి, ముందుగదిలో ఒక రోబో కుర్చీ కాలుకి ఢీకొని, వెనక్కి వచ్చి, మళ్ళీ ఢీకొంటోంది. తల్లి చీరకుచ్చిళ్ళు ఎగదోపుకుని దానివెంట పరుగెడుతోంది.

"అమ్మా, ఆకలేస్తోంది."

"వండింది వంటింట్లోనే ఉంది, వడ్డించుకుని తిను" అంది గంటమ్మగారు తలెత్తకుండా. "అడ్డు తప్పుకోరా, మలుపు తిప్పుతున్నా!"