ఆఖరి ముక్కలో పేరు

1999. ఒక మంగళవారం మధ్యాహ్నం ఆళ్లగడ్డ బస్టాండు వెనక, గొర్రెల వ్యాపారి వేషంలో ఉన్న ఏజెంట్ ప్రేమ్ సాగర్ గొడుగు పైకెత్తాడు. దాని కర్రలో సైలెన్సర్ బిగించిన పిస్టల్ ఉంది. తేనె డబ్బాతో బస్సు వైపు నడుస్తున్న గంగయ్య వెనక్కి తిరిగాడు. మీసం, తలపాగా దాటి మనిషిని గుర్తుపట్టాడు. “సారూ...” అనబోతూనే ఒరిగిపోయాడు.

సాగర్ ఎస్టీడీ బూత్‌లోకి వెళ్లాడు. “జొన్నకోత అయిపోయింది.”

“శభాష్!” అన్నాడు హైదరాబాదు నుంచి సీక్రెట్ బ్యూరో చీఫ్ మహేశ్వర్. “ఇక గురువారం ఆయుధాల ట్రైన్‌కి లైన్ క్లియర్.”

వారం కిందట ఒక విదేశీ ముఠా కొరియర్ దగ్గర ఫ్లాపీ దొరికింది. నల్లమల సొరంగంలో ఆ ట్రైన్‌ని పేల్చే ప్లాన్ అందులో ఉంది. కోడ్ భాషలో ఉన్న ఫైలును చదివే ప్రోగ్రాం అంజలి రాసిచ్చింది. నల్ల కళ్లద్దాలు, షిఫాన్ చీర, చల్లటి నవ్వు. నంద్యాలలో కంప్యూటర్ సెంటర్ నడుపుతూ బ్యూరోకి పనిచేసే మనిషి. ప్రింటవుట్‌లో గంగయ్య పేరు రెండుసార్లు వచ్చింది. ముఠా తొలగించాల్సిన వాళ్ల జాబితా చివర ఒకసారి, ఫైలు ఆఖర్న ‘మన మనిషి సిద్ధం’ అన్నచోట ఇంకోసారి. జాబితాలో పేరు కళ్లు కప్పడానికేనని, పదేళ్లుగా బ్యూరోకి అడవిలో దారి చూపిన ఆ చెంచు మనిషి రెండువైపులా తింటున్నాడని మహేశ్వర్ తేల్చేశాడు.

గంగయ్య గుడిసెలో సాగర్ ఎన్నోసార్లు అన్నం తిన్నాడు. ‘సారూ’ అన్న ఆ పిలుపు రెండు రోజులైనా చెవుల్లోంచి పోలేదు. గురువారం ఆ ప్రింటవుట్, ప్రోగ్రాం, ఫ్లాపీ పట్టుకుని నంద్యాలలో ఉన్న పెద్దమ్మ కూతురు లూదియా దగ్గరికి వెళ్లాడు. ఆమె కాలేజీలో సి లాంగ్వేజ్ చెబుతుంది.

లూదియా ప్రోగ్రాం మొత్తం ఒకసారి చూసింది. “ఫైలంతా ఒక్కసారే చదవల్యా. అరవైనాలుగు అక్షరాలు పట్టే డబ్బా, అదే బఫర్, పెట్టుకోని ముక్కముక్కగా చదువుతాంది. అంతవరకూ బాగుండాది. ఆఖరి ముక్కలో ఎన్ని అక్షరాలుండాయి?”

“అది యాడ తెలుస్తాదక్కా?”

“రీడ్ ఫంక్షనే చెప్తాది, ఇన్ని చదివినానని. ఫైలు సైజు లెక్కేస్తే ఆఖర్న ముప్పైఎనిమిదే వచ్చినాయి. ఈమె ఆ లెక్క సూడకుండా అరవైనాలుగూ అచ్చేసింది.”

“అయితే ఏందీ?”

“బఫర్‌ను ఎవరూ తుడవరప్పా. కొత్త అక్షరాలు ముందర కూచుంటాయి. వాటి యెనక పాతవి అట్నే ఉండిపోతాయి. ‘మన మనిషి సిద్ధం’ కాడికే ఫైలు అయిపోయింది. ఈ గంగయ్య పేరు అంతకుముందు ముక్కలోది, తుడవక మిగిలిపోయింది.”

సాగర్ కాగితం మీదికి వంగాడు. “పొరపాటంటావా?”

“ఫస్టియర్ పిల్లోళ్లు చేస్తే పొరపాటు. ఇంత బాగా రాసినామె చేస్తే కాదు.”

సాగర్ కంప్యూటర్ సెంటర్ తలుపు తన్ని లోపలికి వెళ్లేసరికి అంజలి సూట్‌కేస్ సర్దుతోంది. చేతులకు బేడీలు పడ్డా నవ్వు చెదరలేదు.

“సొరంగం మీదికి అడ్డదారి తెలిసినవాడు గంగయ్యే. మావాళ్లు నెల రోజులు వెతికినా అతను దొరకలేదు. మీరు ఒక్క బుల్లెట్‌తో చేసిపెట్టారు. థాంక్స్. ఐదూ నలభైకి ట్రైన్ సొరంగంలో ఉంటుంది. గిద్దలూరు వైపు ఫోన్లన్నీ కోసేశాం.”

ఆమెను పోలీసులకు అప్పగించి సాగర్ జీపు ఎక్కాడు. ఆ దారి తెలిసినవాళ్లు ఇంకొకరు ఉన్నారు. గంగయ్య భార్య సుంకమ్మ.

ఆమె గుడిసె ముందు నేలమీద కూర్చుని ఉంది. “వచ్చినావా నాయనా? ఆయన్ని ఎవురో సంపేసినారు.”

“తెలుసు సుంకమ్మా. సొరంగం మీదికి పోవాల. బిన్నా.”

ఎందుకని ఆమె అడగలేదు. లేచి నడిచింది. ముళ్లకంపల్లో ఆమె వెనకే పరుగెత్తాడు సాగర్. కొండ నెత్తిన కాపలా ఉన్నవాణ్ణి ఒక్క దెబ్బతో పడగొట్టాడు. టైమర్‌లో నాలుగు సెకన్లు ఉండగా డిటొనేటర్ ఊడబెరికాడు. కాళ్ల కింద కొండ అదిరింది. ట్రైన్ క్షేమంగా వెళ్లిపోయింది.

“గెలిస్తిమా?” అంది సుంకమ్మ.

“గెలిచినాం.”

“మరి ఆయన్ని సంపినోడు దొరికినాడా?”

అంజలి పేరు నాలుక చివరిదాకా వచ్చింది. సాగర్ దాన్ని మింగేశాడు.

“నేనే సుంకమ్మా. తప్పుడు కాగితాన్ని నమ్మి.”

ఆమె ఏడవలేదు, తిట్టలేదు.

“మా ఇంట్లో కూడు తిన్నావే,” అంది. అంతే. చెట్లలోకి నడిచి వెళ్లిపోయింది.

తిరిగి వెళ్లే దారి సాగర్‌కు తెలియదు. కొండ దిగి పట్టాల వెంబడే నడిచాడు. స్టేషన్‌లో రైల్వే పోలీసులు పట్టుకుని, పట్టాల మీద నడిచినందుకు కేసు రాశారు. అతను గుర్తింపు కార్డు బయటికి తీయలేదు. ఆ వారంలో ప్రేమ్ సాగర్ చేసిన పనుల్లో కేసయింది అదొక్కటే.