అతుకు లేదన్న రిపోర్ట్

పట్టుకుంటే వదలడని డిపార్ట్‌మెంట్‌లో అతనికి జిడ్డు అని పేరు. ఈసారి అసైన్‌మెంట్ వింటుంటే ఆ జిడ్డుకీ కుర్చీలో కుదురు లేదు.

"మన కోడ్ సెక్షన్‌లో మీ అక్క ఆ ముఠా కోడ్‌ని సగం విప్పింది. ఇప్పుడు బ్లడ్ క్యాన్సర్‌తో పడుకుంది," అన్నాడు చీఫ్. "ఆమెని చంపడానికి వాళ్లకి తుపాకీ అక్కర్లేదు. జెనెటిక్స్ ల్యాబ్ రిపోర్ట్ తారుమారైతే చాలు. అక్కడ సంపెంగని కలువు. రెండు వైపులా పనిచేసే మనిషి, జాగ్రత్త."

గంటలో జిడ్డు మైక్రోస్కోప్ రిపేరు ఇంజినీరు వేషంలో ల్యాబ్‌లో ఉన్నాడు. తెల్లకోటులోనూ సంపెంగ సినిమాతారలా మెరిసిపోతోంది. ఆమె వెనకే కొత్త అసిస్టెంట్, ఒక చెయ్యి జేబులోంచి తియ్యడు.

"లెన్స్‌కి జలుబా?" అన్నాడు జిడ్డు.

"కాదు, బెంగ," అందామె. గుర్తుమాట కలిసింది.

మొదటి స్లైడ్ చూశాడు. అక్కకి వచ్చింది ఏ రకమో తేల్చేది ఇదే. పదిహేనో క్రోమోజోమ్ ముక్క, పదిహేడోదాని ముక్క అతుక్కుని ఉంటే వాటికి వేసిన ఎరుపూ ఆకుపచ్చా రంగులు కలిసి పసుపుచుక్క కనిపిస్తుంది. అప్పుడు వెంటనే ప్రత్యేకమైన మాత్ర పడాలి. అది లేకుండా మామూలు కీమో ఎక్కిస్తే లోపల రక్తస్రావమై మనిషి దక్కకపోవచ్చు. ఇక్కడ చుక్కలు దేనికవే విడిగా ఉన్నాయి.

"అతుకు లేదని రిపోర్ట్ పంపేశాం. వార్డులో కీమో డ్రిప్ సిద్ధం చేస్తున్నారు," అంది సంపెంగ. "ఈ రెండో స్లైడ్ మసగ్గా ఉంది. ఇదీ చూడండి."

చూశాడు. ప్రతి కణంలో ఒక ఎక్స్, ఒక వై. అక్కకి వై క్రోమోజోమ్ ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇవి ఎవడో మగవాడి కణాలు.

జిడ్డు చటుక్కున తలెత్తగానే అసిస్టెంట్ చెయ్యి జేబులోంచి పిస్టల్‌తో సహా బయటికొచ్చింది. జిడ్డు స్టూలెత్తి వాడి మోకాళ్ల మీదికి విసిరాడు. పిస్టల్ బల్ల కిందికి జారింది. వాడి మెడ మీద మోకాలు పెట్టి, వార్డుకి ఫోన్ కొట్టాడు.

"డ్రిప్ ఆపండి. ల్యాబ్ చూసిన శాంపిల్ మా అక్కది కాదు."

"మందు వదలడానికి ఇప్పుడే క్లాంపు మీద చెయ్యి వేశాను," అంది నర్సు.

"ఆ చెయ్యి తీసెయ్, తల్లీ."

సంపెంగ ఫ్రిజ్‌లో వెనక అరనుంచి అసలు శాంపిల్ తీసింది. "మార్చకపోతే ఈ ముఠావాడు నన్ను చంపేవాడు. అందుకే పోల్చి చూడ్డానికి దాచే ఆరోగ్యవంతుడి కణాలు పెట్టాను. ఆడా మగా అని ఎవరో ఒకరు చూడకపోతారా అనుకున్నా. అందరూ అతుకులే వెతికారు."

సాయంత్రానికి అసలు కణాల్లో పసుపుచుక్క కనిపించింది. డాక్టరు అందాకా ఆగలేదు, డ్రిప్ ఆపగానే మాత్ర వేసేశాడు. అక్క మంచం పక్కన జిడ్డు వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఊరుకోరా," అంది అక్క నీరసంగా. "ల్యాబ్‌లో ఒకపూట మగాణ్ణయ్యానట కదా. ఆ పూటే మన చీఫ్ నాకు ప్రమోషన్ ఇచ్చేయాల్సింది."