ఎనిమిదో దెబ్బ

డిసెంబరు ముప్పై ఒకటి ఉదయం ఏడింటికి నైట్ షిఫ్ట్ ముగించుకుని ఇంటి గేటు తీసిన దేవిశ్రీకి వసారా గోడ మీద రెండు కన్నాలు కనిపించాయి. వాటి దగ్గర ఇరవై రెండేళ్లుగా వేలాడుతున్న ఇత్తడి గంట లేదు.

చేతిలోని టిఫిన్ బాక్సు జారి గచ్చు మీద పడింది.

"అమ్మా!"

మంగాయమ్మ పిండి చేతులతో వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. గోడను చూసింది, కూతురిని చూసింది, మళ్లీ గోడను చూసింది.

"ఓలమ్మో! గంటేదే?"

"నన్నడుగుతావేటి? నాను ఇప్పుడే కంపెనీ బస్సు దిగాను. రాత్రి ఉందా?"

"తొమ్మిదింటికి తలుపు గెడేసినప్పుడు ఉంది. కళ్లారా సూసాను. మీ తాతకి ఏటని సెప్పాలే ఇప్పుడు?"

దొంగతనం ఏ రోజు జరిగినా దొంగతనమే. కానీ ఈ ఇంట్లో ఈ రోజు జరగకూడదు.

దేవిశ్రీ తాత శ్రీరామ్మూర్తి ముప్పై ఏళ్లకు పైగా విశాఖ పోర్టులో టగ్గు ఇంజను డ్రైవరుగా పనిచేశాడు. కొండల్లాంటి ఓడల్ని రేవులోకి లాక్కొచ్చే బుల్లి పడవ ఆ టగ్గు. ఆయన రిటైరైన ఏడాదే దాన్నీ తుక్కుకు అమ్మేశారు. దాని గంట మాత్రం ఆయనతో పరవాడ దాటి ఈ సముద్రపు ఒడ్డు ఊరికి వచ్చేసింది. దాంతో పాటు ఓడల ఆచారం కూడా వచ్చింది. ఏడాది చివరి రాత్రి పన్నెండింటికి, పోయే సంవత్సరానికి ఎనిమిది దెబ్బలు. అవి అందరికన్నా పెద్దవాళ్లు కొట్టాలి. వచ్చే సంవత్సరానికి మరో ఎనిమిది. అవి అందరికన్నా చిన్నవాళ్లు కొట్టాలి. అంటే తాత, మనవరాలు.

ఈ ఇంట్లో కేకు ఉండదు, టీవీ ఉండదు, టపాకాయ ఉండదు. పదహారు దెబ్బలు, తలా గిన్నెడు పరమాన్నం, ఆ తర్వాత పడక. అంతే న్యూ ఇయర్.

దేవిశ్రీ కంగారుకు ఇంకో కారణం కూడా ఉంది. అది ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ కారణం పేరు నాగవంశీ. పక్క వీధి కుర్రాడు. కంచరపాలెంలో లేత్ వర్క్‌షాపులో పని. రెండేళ్ల క్రితం ఇదే రాత్రి అతను వీధి మొగలో డీజే బాక్సు పెడితే, దేవిశ్రీ నేరుగా వెళ్లి ప్లగ్గు పీకేసింది.

"ఏయ్, ఏటి సేత్తన్నావ్?" అన్నాడతను.

"మా తాత గంట కొట్టాలి."

"ఓ గంట కోసం ఇంత గోలేటి?"

"ఓసారి విని సెప్పు."

విన్నాడు. ఆ తర్వాత బాక్సు మళ్లీ పెట్టలేదు. నిరుడు చేతులు కట్టుకుని గేటు దగ్గర నిలబడి దెబ్బలన్నీ విన్నాడు. ఈ నవంబరులో బస్టాపు దగ్గర ఆమె ముందుకొచ్చి, కొత్త బేరింగు అమ్మేవాడిలా ఊపిరి తీసుకోకుండా, "నిన్ను పెళ్లి సేసుకుందామనుకుంతన్నాను, నీకేటైనా ప్రాబ్లమా?" అని అడిగేశాడు.

దేవిశ్రీ నవ్వాపుకుంది. "న్యూ ఇయర్‌కి పదహారో దెబ్బ కొట్టినాక సెప్తాను" అంది.

ఇప్పుడు గంటే లేదు.

ఆమె వంగి గోడ కింద వెతికింది. తులసి కోట పక్కన కొబ్బరి చిప్ప. అందులో గంట పట్టీని గోడకు బిగించిన రెండు బోల్టులు. తీసి చూసింది. తుప్పు గీకేసి ఉంది. మర మీద పలచగా నూనె మెరుస్తోంది.

"అమ్మా, దొంగోడు ఎక్కడైనా బోల్టులు తుడిసి, నూనె రాసి ఎల్తాడా?"

"సుబ్బరమైన దొంగోడేమో" అంది మంగాయమ్మ ఏడుపు గొంతుతో.

ఇంతలో గేటు చప్పుడైంది. ఒడ్డుకు నడకకు వెళ్లిన తాత తిరిగొచ్చాడు. ఎనభై దాటినా నిటారుగా నడుస్తాడు. గోడ ముందు ఆగాడు. చూశాడు.

ఆయన అరవలేదు. కూలబడలేదు. బరువు మూట దించుకున్నవాడిలా భుజాలు సడలాయి.

"పోతే పోనీలే. ఈ ఏడాదికి మానేద్దాం" అన్నాడు.

దెబ్బ లెక్క తప్పితే నాలుగు రోజులు మాట్లాడని మనిషి! గంట పోయిందన్న బాధ కన్నా ఆ ముఖంలో కనిపించిన ఊరట దేవిశ్రీని ఎక్కువ భయపెట్టింది.

వెంటనే ఎదురింటి పోతమ్మ దగ్గరకు పరుగెత్తింది. ఆ వీధిలో పోతమ్మ కన్నుగప్పి పిల్లి కూడా దాటదు.

"తెల్లారగట్ల కల్లాపి జల్లతంటే సూసానే పాపా. బండి మీద గోనె సంచి కట్టుకుని ఎల్తన్నాడు. మన నాగవంశీగాడే. 'ఏట్రా సంచిలో' అంటే, 'గుమ్మడికాయ పిన్నీ' అన్నాడు. గుమ్మడికాయ టంగుమంటాదేటే?"

దేవిశ్రీ ఫోన్ తీసింది. మూడో రింగుకు ఎత్తాడు. వెనక లేత్ మిషను కీచుమంటోంది.

"ఎక్కడున్నావ్?"

"పనిలో. ఏటి, పొద్దున్నే నా మీద ప్రేమ పుట్టుకొచ్చింది?"

"మా గంట పోయింది."

"అయ్యో! ఏ గంట?"

"ఊళ్లో ఎన్ని గంటలున్నాయేటి?"

"అదే... మీ తాత గంటా? అయ్యయ్యో. దొంగెదవలు ఎక్కువైపోయారు దేవీ. మరి బోల్టులు జాగర్తగా దాసావా?"

"బోల్టుల గురించి నాను సెప్పనేదు."

అవతల లేత్ ఆగిపోయింది. తర్వాత ఫోనూ ఆగిపోయింది. మళ్లీ చేస్తే స్విచాఫ్.

రాత్రంతా నిద్ర లేదన్న సంగతే మరిచిపోయి స్కూటీ తీసింది. గంటన్నర తర్వాత కంచరపాలెంలో, రైలు పట్టాల పక్క సందులో, వర్క్‌షాపు ముందు ఆగింది. ఓనర్ తాతబాబు టీ తాగుతున్నాడు.

"వంశీగాడా? ఇప్పుడే ఎటో ఎల్లాడమ్మా. ఫోనొచ్చినకాడ్నించి వాడి మొకంలో నెత్తురు సుక్క నేదు."

"ఇత్తడి గంట ఒకటి తెచ్చాడా?"

"తెచ్చాడు. రాగానే కాటా మీదెట్టాడు. ఆరు కేజీల రెండొందలు."

ఆమె కాటా వైపు చూసింది. తుక్కు ఇత్తడిని తూకానికే కదా కొంటారు! నేల మీద పసుప్పచ్చటి రజను మిలమిలలాడుతోంది. వంగి చిటికెడు తీసుకుంది. ఇత్తడి రజనే.

పట్టాల మీద గూడ్సు బండి వెళ్తున్నంతసేపూ అక్కడే నిలబడింది. చివరి పెట్టె దాటాక మెసేజ్ కొట్టింది: "పదహారో దెబ్బ దాకా అక్కర్లేదు. జవాబు ఇప్పుడే తీసుకో. కాదు."

పంపాక ఏడుపొచ్చింది. నిజానికి ఆమె దాచుకున్న జవాబు అది కాదు.

రాత్రి పదకొండున్నర. ఊరు మంచులో మెత్తగా పడుకుని ఉంది. వసారా లైటు కింద తాత వాలుకుర్చీలో కూర్చున్నాడు. ఆయన పక్కనే వసారా కప్పును మోస్తున్న పాత టేకు స్తంభం. పొయ్యి మీద పరమాన్నం చిక్కబడుతోంది. మానేద్దామన్నాడే గాని, ఆయన కూడా పడుకోలేదు. దూరంగా సముద్రం మీద దీపాల వరుస. రేవులో చోటు కోసం లంగరేసుకుని ఎదురుచూస్తున్న ఓడలు.

దేవిశ్రీ మెట్ల మీద కూర్చుని నిరుటి రాత్రిని తలుచుకుంది. ఆమె ఒక తప్పు చేసింది. ఏడో దెబ్బ దగ్గర కళ్లెత్తితే గేటు దగ్గర నాగవంశీ ఉన్నాడు. అతని కళ్లలో వసారా దీపం మెరుస్తోంది. లెక్క తప్పింది. ఏడుతో ఆపేసింది. తిడతాడని తాత వైపు తిరిగితే, "ఎనిమిది. సరిగ్గా కొట్టావు" అన్నాడాయన. మనవరాలి మీద ముద్దుతో వదిలేశాడనుకుంది.

గేటు కిర్రుమంది.

నాగవంశీ. భుజం మీద గోనె సంచి, చేతిలో స్పానర్లు, చెంప మీద గ్రీజు.

దేవిశ్రీ లేచి అడ్డంగా నిలబడింది. "అమ్మేయగా మిగిలిన ముక్క తెచ్చావా?"

"ముందు పని సేసుకోనీ. తర్వాత కొట్టు."

"ఏట్రా నీ దైర్నం!" అంటూ మంగాయమ్మ గరిటెతో వచ్చింది.

"అత్తా, పావుగంట. ఆ తర్వాత గరిటైనా సరే, రోకలైనా సరే."

అతను సంచి విప్పాడు. గంట! ముక్క కూడా తగ్గలేదు. దాని తల మీద మాత్రం కొత్తగా ఓ ఇత్తడి కాలరు, దానికి వేలు మందాన ఇనుప పట్టీ. అతను గోడ వైపు వెళ్లలేదు. టేకు స్తంభం దగ్గర మోకాళ్లేసుకుని, పట్టీని కర్రకు ఆనించి, ఆ రెండు పాత బోల్టులూ అడిగి తీసుకుని, మరో రెండు కొత్తవి కలిపి, సందు లేకుండా బిగించాడు. గంట తాడు తాత చేతికి అందేటట్టు వదిలాడు.

అప్పుడు తాత ఎదుట గొంతుక్కూర్చున్నాడు. జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, దాని కొనను స్తంభానికి ఆనించి, పిడిని తన చెవి వెనక ఎముకకు ఆనించి చూపించాడు.

శ్రీరామ్మూర్తి వేళ్లతో తన చెవి వెనక ఎముకను తడుముకున్నాడు.

అది ఇంజను మనుషుల పద్ధతి. లోపల బేరింగు ఎలా ఉందో తెలియాలంటే బయటి గోలలో చెవి పనికిరాదు. స్క్రూడ్రైవరుతో మిషను మాటను ఎముకలోకి తెచ్చుకోవాలి. పదేళ్ల నాగవంశీకి పొలం మోటారు దగ్గర ఆ విద్య నేర్పింది ఈ తాతే.

దేవిశ్రీకి ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. నిరుడు ఏడు దెబ్బల్ని ఎనిమిది అన్న తాత. పొద్దున ఆ ముఖంలో ఊరట. టగ్గు ఇంజను పక్కన ముప్పై ఏళ్లు అరిగిన చెవులు. దగ్గర కూర్చుని మాట్లాడితే పెదాలు చూసి జవాబిస్తాడు. సన్నటి గంట మోత మాత్రం ఎప్పుడో అందకుండా పోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేక, విన్నట్టు నటించాడు.

పన్నెండుకు నిమిషం.

తాత లేచాడు. టేకు స్తంభానికి నుదురు ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. తాడు లాగాడు.

టంగ్.

ఆ ముసలి ఒళ్లు ఒక్కసారి ఉలిక్కిపడింది. తాడు పట్టిన చేయి గాలిలోనే ఆగిపోయింది. మూసిన రెప్పల కిందనుంచి నీళ్లు జారాయి. ఆ ముఖం చూస్తూ మంగాయమ్మ గరిటె కింద పెట్టేసింది. దేవిశ్రీ తనకు తెలియకుండానే వెళ్లి స్తంభం మీద అరచేయి ఆనించింది.

రెండో దెబ్బ. కర్ర బతికి ఉన్నట్టు వణికింది. ఆ వణుకు అరచేతిలోంచి మోచేతికి, అక్కడినుంచి గుండెకు పాకింది. ఇరవై రెండేళ్లుగా విన్న మోతే. ఇంతకు ముందు ఎప్పుడూ ఇంత లోపలికి రాలేదు.

ఎనిమిదో దెబ్బ ముగుస్తుండగా సముద్రం మీద మొదటి ఓడ హారన్ కొట్టింది. వెంటనే మరొకటి. ఆ వెనకే ఇంకొకటి. లంగరేసిన ఓడలన్నీ ఒక్కసారి గొంతెత్తాయి. చీకటి మొత్తం ఒకే మంద్ర స్వరమై ఊరి మీదుగా సాగింది. పెంకులు సన్నగా అదిరాయి. తాత నుదురు తీయకుండానే గుండె మీద చేయి వేసుకున్నాడు.

"వచ్చింది. ఏడాది వచ్చింది. అమ్మడూ, కొట్టు."

దేవిశ్రీ తాడు అందుకుంది. ఈసారి కళ్లెత్తలేదు. ఒకటి, రెండు... ఏడు, ఎనిమిది. ఆగింది. నాగవంశీ చొక్కా జేబులోంచి ఫోన్ లాగి అతని ముందు పెట్టింది. అతను వేలు నొక్కగానే తన మెసేజ్ వెతికి చెరిపేసింది. ఫోన్ జేబులో పెట్టేసి, తాడు పట్టుకుని మరొక్కసారి లాగింది.

టంగ్.

తాత తలెత్తాడు.

"తొమ్మిది! ఒకటి ఎక్కువ కొట్టావు. ఎందుకు?"

మోత తెలిసింది! లెక్క కూడా తెలిసింది! మంగాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దేవిశ్రీ తలొంచుకుంది. జవాబు చెప్పాల్సిన వాడి వైపు మాత్రం ఓరగా చూసింది.

నాగవంశీ చేతులు తుడుచుకుని తాత ఎదురుగా, దగ్గరగా, పెదాలు కనపడేలా నిలబడ్డాడు.

"దొంగని నానే తాతా. తెల్లారగట్ల గంట ఇప్పుకుపోయింది నానే. కాటా ఏసింది అమ్మడానికి కాదు, పట్టీ ఎంత బరువు మొయ్యాలో సూసుకోడానికి. ముందే సెప్తే నువ్వు ఒప్పుకోవు, నీకు వినపడతాదని పోట్లాడతావు. అందుకే సెప్పనేదు. కానీ నా దొంగతనం ఇది ఒక్కటే కాదు. నిరుడు నీ మనవరాలు ఏడే కొట్టింది. ఏడే అని నాకూ తెలుసు, దానికీ తెలుసు. నువ్వు ఎనిమిదన్నావ్. అప్పుడే అర్థమైంది నీకు వినపడట్లేదని. ఆ ఎనిమిదో దెబ్బ ఎటు పోయిందని ఎవరూ అడగనేదు. నాను ఎత్తుకుపోయాను తాతా. గేటు కాడ నిలబడి, దానివైపే సూత్తా, దాని లెక్క తప్పించేసాను. ఏడాదంతా నా కాడే దాసుకున్నాను. ఇప్పుడు దాన్ని నీ మనవరాలే తిరిగి ఇచ్చేసింది. మరి నన్ను నువ్వేటి సేత్తావో సెయ్యి."