కణానికి అందని ఆర్డరు

చీఫ్ గోడ మీద ఫొటో వేశాడు. ఊపిరితిత్తిలోని ఒక్క కణం. పొట్లాలు కట్టినట్టు ముక్కలుగా విడిపోతోంది.

"దీన్ని ఎవరు చంపారు?" అన్నాడు పిచ్చుక. గూఢచారి డిపార్ట్‌మెంటులో అతని పేరు అదే.

"ఎవరూ కాదు. తనే చచ్చిపోయింది," అంది పక్కనున్న డాక్టరమ్మ. "ఫ్లూ వైరస్ కణంలో దూరి దాన్ని ప్రెస్సులా వాడుకుంటుంది. కాపీల మీద కాపీలు. కణంలో ఒక అలారం ఉంది. అది వైరస్‌ను పసిగట్టి 'ఇక చావు' అని ఆర్డరిస్తుంది. కణం తనను తానే కూల్చుకుంటుంది. ప్రెస్సు మూతపడుతుంది. పక్క కణాలు బతుకుతాయి."

"ఆ అలారం మోగకుండా చేసే గ్యాస్ ఒకటి విదేశీ ముఠా చేతిలో ఉంది," చీఫ్ అందుకున్నాడు. "ఫ్లూ లేనివాళ్లకు ఏమీ కాదు. ఉన్నవాళ్లకు మామూలు జ్వరమే ప్రాణం తీస్తుంది. విరుగుడు లేదు. కొనేవాళ్లకు నమూనా చూపించడానికి సిలిండర్‌ను పిల్లల ఆసుపత్రి ఏసీ ప్లాంటులో పెట్టారు. పైన వార్డు నిండా ఫ్లూ పిల్లలే. సిలిండర్‌కు కాపలా మన డబుల్ ఏజెంటు."

"ఎవరు?"

"మీ మరదలు."

పిచ్చుక మెకానిక్ వేషంలో ఆసుపత్రి బేస్‌మెంటులోని ఏసీ ప్లాంటుకు దిగాడు. గాలి చొరబడని ఇనుప తలుపు, దానికి గుండ్రటి అద్దం.

"ఫిల్టర్‌కు దుమ్ము పట్టిందా?"

"దులిపేవాళ్లు రావడమే ఆలస్యం."

కోడ్ సరిపోయింది. తలుపు తెరుచుకుంది. నల్ల సిల్కు, హైహీల్స్, ఎర్రటి బుగ్గలు.

"ఇంత మేకప్పేంటి? పెళ్లికొచ్చావా?"

"ఖర్చు ముఠాది బావా. అక్కకు చెప్పకు, కుళ్లుకుంటుంది."

అతను ఫ్యాన్లు ఆపాడు. వాల్వును గడ్డకట్టించే రెంచ్ తీశాడు. వాల్వు చుట్టూ వెల్డింగ్. రెంచ్ పట్టలేదు. సిలిండర్ మీద ఎర్రలైటు వెలిగింది. ఎక్కడో ఎవరో రిమోట్ నొక్కారు.

"పైపు పీకి, వార్డుకు గాలి పోయే డక్టుకు మూత బిగించాలి," అన్నాడు. "గ్యాస్ ఈ గదిలోకే వస్తుంది. ఒకరు లోపలుండి తలుపు మూసుకోవాలి. నేనుంటా."

"మీ బాబుకు ఫ్లూ అని మొన్న ఫోన్‌లో అన్నావుగా. నీకూ అంటుకునే ఉంటుంది. నేను బాగానే ఉన్నా. నడువు."

పని మీద ఉన్నప్పుడు తోటి ఏజెంటు మాటను తిరిగి ప్రశ్నించకూడదని డిపార్ట్‌మెంటు నియమం. అతను ప్రశ్నించలేదు. తలుపు మూసుకుంది.

అద్దంలోంచి చూశాడు. ఆమె పైపు లాగింది. ఒంటి బరువంతా వేసి మూత తిప్పింది. ఆఖరి చుట్టు పడేసరికి గ్యాస్ బుస్సుమంది. పైకి ఇసుమంతైనా వెళ్లలేదు.

ఆమె తడి గుడ్డతో మొహం తుడుచుకుంది. గుడ్డ తెల్లగానే ఉంది. బుగ్గలు ఎర్రగానే ఉన్నాయి.

అతని చెయ్యి హ్యాండిల్ మీద పడింది.

"తెరవకు బావా," ఇంటర్‌కమ్‌లో గొంతు. "పిల్లల దాకా పోతుంది."

"జ్వరం ఎప్పటినుంచి?"

"నిన్నటినుంచి."

"మరి నన్నెందుకు బయటికి పంపావ్?"

"ఈ మూత తిక్క నాకే తెలుసు. నీకు వదిలితే ఇంకా స్క్రూడ్రైవర్ వెతుకుతుండేవాడివి."

అతను హ్యాండిల్ వదల్లేదు. తిప్పనూ లేదు.

"అక్కకేం చెప్పను?"

"నాతో పోట్లాడానని, అందుకే ఇంటికి రావట్లేదని చెప్పు. నమ్ముతుంది."

హీల్స్ విప్పి పక్కన పెట్టి నేల మీద కూర్చుంది. దగ్గింది. మళ్లీ దగ్గింది.

"గదిలో గాలి శుద్ధి చేసే టీమ్ బయల్దేరింది," చెవిలోని రేడియోలో డాక్టరమ్మ చెప్పింది.

"వాళ్లొచ్చాక?"

డాక్టరమ్మ రేడియో ఆపేసింది.

మెట్ల మీంచి నర్సు విసవిసా దిగి వచ్చింది.

"ఏసీ ఎందుకాపారయ్యా? పొద్దుట్నుంచి నోరెత్తని పిల్లలు ఉక్కకు వార్డు పీకి పందిరేస్తున్నారు! పని సగంలో వదిలేసి పోతారు మీరంతా."

"లేదండీ," అన్నాడు పిచ్చుక. "మా మనిషి ఇంకా లోపలే ఉంది."