గంధం జారిన గుండు

"గుండు నిజమైందే ఉండాల, యువరాజ్. ఆ ఊళ్లో దినామూ గుండ్లే చూస్తా ఉంటారు."

తిరువళ్లూరు సేఫ్ హౌస్‌లో సుదర్శనం సార్ అలా బ్రీఫింగ్ ముగించారు. ఏజెంట్ యువరాజ్ బుద్ధిమంతుడిలా తల ఊపాడు.

హిమాలయాల్లో ఒక సరిహద్దు వాలు దాటడానికి ఇరవై మంది జవాన్లు సిద్ధంగా ఉన్నారు. వసంతం వచ్చి అక్కడి పాత మంచు అడుగున పంచదారలా పొడిపొడి అయింది. దాని మీద కొత్త మంచు పలకలా కూర్చుంది. ఎండ ముదిరితే పలకంతా ఒక్కసారిగా జారుతుంది. రేడియో మౌనంలో ఉన్న దళానికి మంచు చరియల ముప్పు చెప్పే అవలాంచ్ బులెటిన్ ఒక్కటే దిక్కు. విదేశీ ముఠా దానిలో రెడ్‌ను గ్రీన్ చేసేసింది. సరిదిద్దాలంటే వాళ్లు కాజేసిన డాంగిల్, అంటే కంప్యూటర్‌కు గుచ్చే తాళం, కావాలి. దాన్ని రాజ్‌మోహన్ అనేవాడు తిరుత్తణిలో గంధం పూసిన గుండు మనిషికి అందిస్తాడట. ఈ కబురు తెచ్చింది జనని. ముఠా జీతం తింటూ మన పని చేసే మంచు శాస్త్రవేత్త. ఆ గుండు మనిషిగా వెళ్లాల్సింది యువరాజ్.

యువరాజ్‌ది అత్తిమంజేరిపేట. పుట్టెంట్రుకలు కూడా తిరుత్తణి కొండ మీదే ఇచ్చినవాడు. అయినా, వచ్చే వారం పెళ్లిచూపులాయె! జుట్టు మీద రబ్బరు టోపీ బిగించి, పైన గంధం పట్టించాడు మహానుభావుడు.

మెట్ల మొదట్లో, బోండాల బండి దగ్గర రాజ్‌మోహన్ కోడ్ అడిగాడు.

"తిరువళ్లూరు లోకల్ పోయిందా?"

"పట్టాభిరామ్‌లో నిలిచిపోయింది."

డాంగిల్ చేతులు మారబోతోంది. గంధం చర్మాన్ని పట్టుకుంటుంది గానీ రబ్బరును పట్టుకుంటుందా? ఎండకు బిరుసెక్కి, పలకంతా ఒక్కసారిగా భుజం మీదికి జారింది. నిగనిగలాడే రబ్బరును చూసి రాజ్‌మోహన్ లగెత్తాడు.

డాంగిల్ కోసం లాప్‌టాప్‌తో కాచుకునున్న జనని పట్టుచీర, నల్లకళ్లద్దాలతో కారు దిగింది. జారిన గంధం చూసి ఆమెకు అంతా అర్థమైపోయింది.

"ఇరవై మంది పాణాల కన్నా నీ ఎంట్రుకలు ఎక్కువైపోయినాయాన్నా?"

గొంతు పెంచకుండానే అడిగింది. యువరాజ్‌కు సిగ్గుతో చచ్చినంత పనైంది. చెంప పగలగొట్టినా ఇంతకన్నా నయమనిపించింది.

రాజ్‌మోహన్ తలనీలాలిచ్చే మంటపంలో దూరాడు. లోపల వరసగా అందరూ తడి తలలు వంచుకునే ఉన్నారు. ఎవడని పట్టుకోవాలి? చెప్పులు విడవకుండా ఆ గడప ఎవరూ తొక్కరు. ఒక్కడి కాళ్లకు మాత్రం బూట్లున్నాయి. సగం గుండై, నెత్తి మీద కత్తితో కదల్లేక కూర్చున్నాడు. యువరాజ్ వాడి జేబులోంచి డాంగిల్ లాగాడు.

జనని లాప్‌టాప్‌లో గుచ్చింది. బులెటిన్ ఎర్రబడింది. అక్కడ హిమాలయాల్లో ముందున్న జవాను మంచు మీద పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకున్నాడు. మరుక్షణం వాలంతా కూలింది. ఇరవై మందీ క్షేమం.

గుండు దొంగదని రాజ్‌మోహన్ ఎట్లా కనిపెట్టినాడని సుదర్శనం సార్ ఫోన్‌లో అడిగారు. యువరాజ్ దాచకుండా చెప్పాడు. ఆయన తిట్టలేదు. ఫోన్ పెట్టేశారు.

యువరాజ్ రబ్బరు టోపీ పీకేసి, ఖాళీగా ఉన్న పీట మీద కూర్చున్నాడు. గుండు కొట్టే పెద్దాయన తల తడుపుతూ, ఏం మొక్కు నాయనా అని ఆప్యాయంగా అడిగాడు. అధికార రహస్యాల చట్టమనేది ఒకటున్నందుకు యువరాజ్ ఉద్యోగంలో చేరాక మొదటిసారి సంతోషించాడు.