జెట్టీ మీద మణి

ఆ దీవిలో, డెలానీపూర్ క్వార్టర్లో ఐదింటికే చీకటి పడింది. వాన వెలిసింది. హాడో రేవు నుంచి డీజిలూ నాచూ కలిసిన వాసన కిటికీలోకి కొడుతోంది. ఎర్రయ్య కూతురు సుష్మ లాప్‌టాప్ ముందు కూర్చుంది. ఒంటిచేత్తో తయారుచేసిన వీడియోగేమ్‌ని రేపు జనంలోకి వదలబోతోంది.

జెట్టీ కూలీ ఒక్కడే మేస్త్రీలతో కొట్లాడే మొరటు ఆట. మనుషులు ఇటుకలు పేర్చినట్టుంటారు. పరిగెడితే కాళ్లు జెట్టీలోకి దిగబడిపోతాయి. అయినా ముందే చవిచూసిన షాదీపూర్ కుర్రకారు దాన్ని వదల్లేదు. నున్నటి ఆటల్లో దెబ్బకి బరువుండదు. ఇందులో ఇనుపకొక్కెంతో మేస్త్రీని బాదితే ఆడేవాడి పళ్లు అదురుతాయి.

ఎర్రయ్య కోపం ఆట మీద కాదు. దెబ్బ తిన్నప్పుడల్లా ఆ కూలీ బొమ్మ "అమ్మా!" అంటుంది. ఆ గొంతు ఆయన కొడుకు మణికుమార్‌ది. నిరుడు జెట్టీ మీంచి పడ్డాడు. శవం దొరకలేదు. కాలు జారిందన్నాడు కాంట్రాక్టరు. కాలు జారిందట! పుట్టి బుద్ధెరిగాక జెట్టీ మీదే తిరిగినవాడికి!

"ఫోన్లో మిగిలిన గొంతు తీసి తన్నిస్తావేటే? ఒకసారి చచ్చింది చాల్లేదా ఆడికి?"

"ఇక్కడైనా తిరిగి కొడతాడు నానా. బయట ఆడి తరపున ఎవడు కొట్టాడు?"

"తీస్తావా, ఈ డబ్బాని సముద్రంలో పారేయనా?"

సుష్మ విసురుగా ఆ గొంతు తీసేసింది. "బస్, అంతే. పోయింది. ఇప్పుడు ఆడి చూడండి, లీడర్ సాబ్."

ఎర్రయ్య మొద్దువేళ్లతో మీటలు నొక్కాడు. మేస్త్రీలు మూగారు. బొమ్మ పడింది. లేచింది. మళ్లీ పడింది... నోరెత్తకుండా. యూనియన్ జెండా పట్టి లాఠీలు తిన్న ఒళ్లు భగ్గుమంది.

"కొట్రా! ఒరే మణీ, లేరా!"

సుష్మ గబుక్కున ఆయన నోరు మూసింది. శవం దొరకనివాణ్ణి దీపాలవేళ పేరుపెట్టి పిలవకూడదు; పిలిస్తే వాడొక్కడే రాడంటారు. గంగపుత్రుల ఇంట ఆ కట్టు ఇన్నాళ్లూ తప్పలేదు.

బొమ్మ ఆగిపోయింది.

ఎర్రయ్య మీటలు వదిలేశాడు. అయినా అది తిరిగింది... మెల్లగా... ఇటు.

"నువ్వు తిప్పావా?"

"లేదు నానా..."

మేస్త్రీలు ఒక్కొక్కరే నీళ్లలోకి దిగిపోయారు. స్పీకర్లో అలల చప్పుడు. తర్వాత, తీసేసిన ఆ గొంతు. ఎవరూ ఎక్కించని మాట.

"చెల్లీ..."

ఎర్రయ్య తెరను తడిమాడు. "ఎవడ్రా తోసింది? పేరు చెప్పు నాయనా... ఆడి అంతు చూస్తాను."

అలలు ఆగాయి.

"చెల్లీ... నాన భుజమ్మీద ఆ చెయ్యి ఎవరిదే?"

సుష్మ రెండు చేతులూ తన నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.